మజబూతు, జప్తు, కైరోలో ఒక కప్పు కాఫీ

మొన్న ఇక్కడ "మజబూతు తెలుగు మాటేనా, ఉర్దూ అని పక్కన పెట్టాలా" అని చర్చ నడిచింది కదా, అప్పుడు టైం లేక రాయలేదు. ఆ మాట నాకు కైరోలో ఎదురుపడింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అరబీ నేర్చుకోడానికి వెళ్లినప్పుడు దొక్కీ ఏరియాలో రూమ్ తీసుకున్నా. పొద్దున క్లాసులో పుస్తకాల అరబీ, బయటికొస్తే వీధి అరబీ, రెండిటికీ చాలా తేడా, క్లాసులో నేర్చుకున్నది కూరగాయల బండి దగ్గర సగం పనికిరాదు. సాయంత్రాలు వీధి చివర అహ్వాలో కూర్చునేవాణ్ణి. అహ్వా అంటే కాఫీ, కాఫీ కొట్టు కూడా. రాతలో కహ్వా, కైరోవాళ్లు ఆ మొదటి అక్షరాన్ని గొంతులోనే ఆపేస్తారు.

అక్కడ చక్కెర కాచేటప్పుడే వేస్తారు కాబట్టి ముందే చెప్పాలి. చక్కెర వద్దంటే సాదా, ఎక్కువ కావాలంటే జియాదా, మధ్యస్తంగా అయితే మజ్బూత్. వినగానే ఎంత సంతోషమేసిందో! సాదా అంటే మన సాదా బైనామాలో, అంటే రిజిస్ట్రేషన్ లేని అమ్మకపు కాగితంలో ఉన్న సాదా (ఇది అసలు ఫారసీ మాట, అటూ వెళ్లింది ఇటూ వచ్చింది), జియాదా మన జాస్తికి మూలం, ఇంక మజ్బూత్ అంటే స్ట్రాంగ్ అయ్యుంటుంది అనుకుని అదే చెప్పా. కుర్రాడు "హాదిర్" (అలాగేనండి) అని వెళ్లి, చిన్న కప్పు, పక్కన గ్లాసు నీళ్లు తెచ్చి పెట్టాడు. కాఫీ మీద నురగ ఎక్కడా చెదరలేదు, దాన్ని విష్ అంటారు, అంటే ముఖం, అది లేకపోతే కాఫీ సరిగ్గా కాయలేదన్నట్టే. తాగితే తీపి సరిగ్గా సరిపోయింది. మజ్బూత్ అంటే అక్కడ గట్టి అని కాదు, ఉండాల్సినంత అని.

మర్నాడు మాస్టారిని అడిగితే బోర్డు మీద మూడు అక్షరాలు రాశారు, దాద్, బా, తా. గట్టిగా పట్టుకోవడం, అదుపులో పెట్టడం అనేది ఆ ధాతువు, అంటే మాటలు పుట్టే మూలం, అర్థం. అదుపులో ఉన్నది కొలత తప్పదు, అది ఈజిప్టు అర్థం. పట్టు ఉన్నది కదలదు, అది మన అర్థం. ఇంకో సంగతి, ఆస్తి జప్తు చేశారు అంటాం చూడండి, ఆ జప్తుదీ ఇదే ధాతువు! గోడ మజబూతుగా ఉందనేదీ, ఇల్లు జప్తు అయిందనేదీ ఒకే ఇంటి మాటలు.

నాకు అసలు అర్థం కానిది వేరే ఉంది. మాస్టారు పలికింది మద్బూత్, నోరు నిండా బరువైన ద. ఆ దాద్ అక్షరం వల్లే అరబ్బులు తమ భాషని దాద్ భాష అంటారు. ఫారసీలో ఆ ధ్వని లేదు, అందుకే జ లాగా పలికారు, మనకి అన్నీ ఆ దారినే వచ్చాయి, వాళ్ల రమదాన్ మనకి రంజాన్, ఖాదీ ఖాజీ అయ్యాడు, హాదిర్ హాజరు అయింది, రాజీ, అర్జీ కూడా అంతే. జిల్లా కూడా, దానికి అరబీలో పక్కటెముక అని అర్థం. మరి కైరో కుర్రాడు హాదిర్ అని దాద్‌తో పలికి, కాఫీని మాత్రం మనలాగే మజ్బూత్ ఎందుకన్నాడు?

మాస్టారు చెప్పింది ఇదీ. హాదిర్ ఇంటి మాట, తల్లి నోటి నుంచి వస్తుంది. మజ్బూత్, జాబిత్ (ఆఫీసర్) లాంటివి సర్కారు మాటలు, 1517లో ఓటమన్లు ఈజిప్టు తీసుకున్నాక టర్కీ వాళ్ల నోట్లో పడి, జ అయ్యి మళ్లీ సొంతూరికి వచ్చాయి. టర్కీ వాళ్లకీ ఆ ఉచ్చారణ ఫారసీ నుంచి వచ్చిందే. ఇక్కడ గోల్కొండలో కుతుబ్‌షాహీలు మొదలైంది 1518లో. అంటే ఇంచుమించు ఒకే కాలంలో ఆ ఫారసీ ఉచ్చారణ పలికే కొత్త సర్కార్లు నైలు ఒడ్డునా, మూసీ ఒడ్డునా మొదలయ్యాయి. ఇంత ప్రయాణం చేసి, మా నానమ్మ నోట్లో "మంచం మజబూతుగుందా" అని స్థిరపడ్డ మాటని పరాయిది అనడానికి నాకైతే నోరు రాదు.

మా ఇంట్లో వస్తువులకే కాదు, మనిషిక్కూడా వాడతారు, "పిలగాడు మజబూతుగున్నడు" అని. కోస్తా వైపు, సీమ వైపు ఉన్నవాళ్లు చెప్పండి, మీ ఇళ్లలో ఈ మాట ఉందా, ఉంటే దేనికి వాడతారు?