అప్‌డేట్: బయోడీజిల్ పోశాక ఆగిపోతున్న పాత జీపు బాగైంది
కావలి దగ్గర రొయ్యల గుంటల మీదికి తిప్పే మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపు, బయోడీజిల్ (మొక్కల నూనెలు, కొవ్వుల నుంచి తీసే ఇంధనం) కలిపినప్పటి నుంచి మేత బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు దమ్ము లేక ఆగిపోతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు ఫిల్టర్ విప్పి చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

మెకానిక్ డీజిల్ ఫిల్టర్ విప్పితే లోపలంతా నల్లటి జిగురు మడ్డి. బయోడీజిల్‌కు పాత మురికిని కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్నదంతా ఊడి ఫిల్టర్‌లో చేరింది. దానికి తోడు డీజిల్ వచ్చే రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడింది, వేలితో నొక్కితే నలుపు అంటుకుంటోంది. క్లిప్పు దగ్గర గాలి లాగుతోంది. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ అందుకేనట! ట్యాంకు దించి కడిగించి, కొత్త ఫిల్టర్ వేయించి, పైపులన్నీ విటాన్ రకానివి (బయోడీజిల్‌ను తట్టుకునే రబ్బరు) మార్పించాం. ఇప్పుడు 20 శాతం బయోడీజిల్ కలిపినా బండి హాయిగా లాగుతోంది.

ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు, నాజిళ్లు మా బండిలో బాగానే ఉన్నాయి, కాబట్టి ఇలాంటి ట్రబుల్ వస్తే ఫిల్టర్, పైపులు చూడకముందే పంపు విప్పించే ఖర్చు పెట్టుకోకండి. చలికి బయోడీజిల్ గడ్డకడుతుందంటారు గానీ, మన నెల్లూరు వైపు అది లెక్కలోకే రాదు. మడ్డి ఇంకొన్నాళ్లు వస్తుందన్నాడు మెకానిక్, అందుకే స్పేర్ ఫిల్టర్ బండిలోనే పెట్టుకున్నాం.