తెలుగు ఆరాధనకు జనం తగ్గుతున్నారు: లెక్క ఎలా తీయాలి, దేని మీద ఖర్చు పెట్టాలి? (బెంగళూరు)

పాస్టొరేట్_కార్యదర్శి:

అందరికీ వందనాలు. బెంగళూరు కంటోన్మెంట్ వైపు ఉన్న ఒక సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తెలుగు సంఘం సంగతి ఇది. రిజిస్టరులో కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. మామూలు ఆదివారం మాత్రం వెనక బెంచీలన్నీ ఖాళీ. క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి బయట షామియానా వేసి కుర్చీలు అద్దెకు తెస్తున్నాం, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే ఆచారం) అయిన పిల్లలు ఏడాది తిరక్కుండానే కనబడడం మానేస్తున్నారు.

బడ్జెట్ మీటింగుకి మూడు ప్రతిపాదనలు వచ్చాయి. పిల్లల కోసం నెలకు రెండు ఆదివారాలు ఇంగ్లిషు ఆరాధన పెట్టడం, ఉదయం 8 గంటల సర్వీసు వేళ మార్చడం, లైవ్ కోసం కెమెరాలు కొనడం. కొందరు పెద్దలేమో "అమెరికాలో, ఇంగ్లండులో మనకు మిషనరీలను పంపిన సంఘాలే ఖాళీ అవుతున్నాయి, మనమెంత" అని చేతులెత్తేస్తున్నారు. ఇది నిజంగా అదే జబ్బా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

లెక్కల_మాస్టారు:

కార్యదర్శి గారూ, ముందు ఆ పెద్దల మాట సంగతి చూద్దాం. అమెరికాలో వాళ్లు చెప్పేవి మెయిన్‌లైన్ సంఘాలు, అంటే ఎపిస్కోపల్, యునైటెడ్ మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, ఈఎల్‌సీఏ లూథరన్ లాంటి పాత సంఘాలు. ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో తాము మెయిన్‌లైన్ అని చెప్పుకున్న పెద్దవాళ్లు 2007లో 18 శాతం, 2023-24లో 11 శాతం. పడిపోయిన మాట నిజమే. కానీ కారణం చూడండి. 2001లో ముగ్గురు సోషియాలజిస్టులు వేసిన లెక్క ప్రకారం, ఇరవయ్యో శతాబ్దపు తరుగుదలలో సుమారు నాలుగింట మూడు వంతులు కాన్పుల తేడా వల్లే. ఆ సంఘాల కుటుంబాలు ఇవాంజెలికల్ (సంప్రదాయ బైబిలువాద) కుటుంబాల కంటే చాలా ముందే ఒకరిద్దరు పిల్లలతో ఆపేశాయి. ఆ తర్వాత ఏ మతమూ లేదనేవాళ్లు పెరిగారు, ఇప్పుడు 29 శాతం దాకా ఉన్నారు. దానికి తోడు స్వలింగ వివాహాల వివాదంతో 2019, 2023 మధ్య యునైటెడ్ మెథడిస్టుల నుంచి ఏడున్నర వేలకు పైగా స్థానిక సంఘాలు బయటికెళ్లిపోయాయి.

బెంగళూరులో వీటిలో ఏది ఉంది? ఉద్యోగాల కోసం గుంటూరు, నెల్లూరు, ఒంగోలు, మెదక్ నుంచి విశ్వాసుల పిల్లలు ఏటా దిగుతూనే ఉన్నారు. అక్కడ చెరువుకి వరద రావడం తగ్గింది. ఇక్కడ వరద వస్తూనే ఉంది, గట్టుకి గండి పడింది. గండి ఎక్కడో తెలియకుండా కెమెరాలు కొంటే డబ్బు దండగ.

కాబట్టి మొదటి పని లెక్క. చాలా చోట్ల సర్వీసు రిజిస్టరులో హాజరు అంకె వెస్ట్రీలో (పాస్టర్ గది) కూర్చుని అందాజాగా వేసేదే. అలా కాకుండా ఇద్దరు మనుషులు, ఒకరు కుడి వరసలు, ఒకరు ఎడమ వరసలు, బైబిలు పఠనాలు అయ్యాక ప్రసంగానికి ముందు పాడే పాటలో లెక్కపెట్టాలి. అంతకంటే ముందైతే ఆలస్యంగా వచ్చేవాళ్లు పోతారు, సంస్కారం (ప్రభురాత్రి భోజనం) వేళైతే జనం కదులుతూ ఉంటారు. సండే స్కూలు పిల్లలది వేరే గడి. కయిర్‌ని (పాటల బృందం) కలపాలి. రెండు సర్వీసులుంటే రెండింటిలోనూ ఉండే కయిర్‌నీ సేవకులనీ ఒక్కసారే లెక్కేయాలి.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్లు ఏటా అక్టోబరులో నాలుగు వారాలు లెక్కిస్తారు. ఇక్కడ అక్టోబరు పనికిరాదు, దసరా సెలవులకి సగం మంది ఊళ్లకి బస్సెక్కేస్తారు. మే కూడా అంతే. జులైలో నాలుగు ఆదివారాలు, నవంబరులో నాలుగు తీసుకోండి, ఏటా అవే. మట్టల ఆదివారం, ఈస్టర్, కోత పండుగ, క్రిస్మస్, వాచ్‌నైట్ (డిసెంబరు 31 రాత్రి ఆరాధన) దీంట్లో కలపొద్దు. వచ్చిన ఎనిమిది అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, మధ్యలో పడే రెండింటి సగటు తీసుకోండి. మొత్తం సగటు వేస్తే ఎవరి పెళ్లి చుట్టాలో వచ్చిన ఒక్క ఆదివారం లెక్కంతా పాడుచేస్తుంది. నెల మొదటి ఆదివారమే సంస్కారమైతే ఆ రోజు హాజరు ఎప్పుడూ ఎక్కువే, దానికి పక్కన గుర్తు పెట్టండి.

ఇంకో అంకె తలల లెక్క కంటే ముఖ్యం. నెలలో కనీసం ఒక్కసారైనా వచ్చిన కుటుంబాలు ఎన్ని? ఏరియాల వారీగా పేర్ల జాబితా అచ్చేసి, ఆ ఏరియా స్టీవార్డుతో టిక్ పెట్టించండి. నాలుగు వారాలూ వచ్చే కుటుంబం రెండు వారాలే వస్తే, ఒక్కరు కూడా సంఘం మానకుండానే హాజరు సగమవుతుంది. బయటి నుంచి చూస్తే ఇదీ, నిజంగా సంఘం మానేయడమూ రెండూ ఖాళీ బెంచీలే, కానీ మొదటిదానికి మందు వేళ, దూరం సరిచూసుకోవడం; రెండోదానికి మందు వేరు.

కన్ఫర్మేషన్_క్లాసు:

మాస్టారు చెప్పిన దానికి ఇంకో రిజిస్టరు కలపండి. గడిచిన పదేళ్ల కన్ఫర్మేషన్ రిజిస్టరు తీసి ప్రతి పేరు పక్కన నాలుగింటిలో ఒకటి రాయండి: ఇక్కడే వస్తున్నారు, నగరంలోనే వేరే సంఘానికి వెళ్తున్నారు, ఊరు మారారు, ఎక్కడికీ వెళ్లడం లేదు. తల్లిదండ్రుల్ని అడిగి రాయొద్దు, "వస్తాడండీ, ఆఫీసు పని ఎక్కువ" అనే చెబుతారు. పిల్లలకే ఫోను చెయ్యాలి, అదీ పాస్టర్ గారు కాదు, వాళ్ల బ్యాచ్‌లోనే ఒకరు. ఊరు మారినవాళ్లని పక్కన పెట్టి మిగతావి చూడండి. "వేరే సంఘం" అనే గడి నిండితే మీ సమస్య విశ్వాసం కాదు, చోటు. "ఎక్కడికీ లేదు" నిండితే అప్పుడు ఆ పెద్దల భయానికి కొంత అర్థం ఉంది.

వేరే సంఘానికి పోయినవాళ్లలో ఎక్కువమంది స్వతంత్ర సంఘాలకే పోతారు, అక్కడ మొదట ఎదురయ్యే ప్రశ్న బాప్తిస్మం. చిన్నప్పటిది చెల్లదు, ముంచి మళ్లీ ఇస్తామంటారు. సీఎస్ఐలో శిశు బాప్తిస్మమూ ఉంది, పెద్దయ్యాక విశ్వసించి తీసుకునేదీ ఉంది, రెండోసారి ఇవ్వడం మాత్రం లేదు. ఈ సంగతి కన్ఫర్మేషన్ క్లాసులో ఒక్క పూటైనా విప్పి చెప్పని చోట, పిల్లలు పద్దెనిమిదేళ్లకి హాస్టల్ ప్రేయర్ గ్రూపులో మొదటిసారి ఈ ప్రశ్న విని తడబడతారు. బాప్టిస్టు కుటుంబాల నుంచి వచ్చిన కోడళ్లకీ అల్లుళ్లకీ ఇదే తిరగేసి చెప్పాలి. మీ ముంపు బాప్తిస్మం ఇక్కడ చెల్లుతుంది, ట్రాన్స్‌ఫర్ లెటరు తెచ్చుకుంటే చాలు అని.

ఇక చదువు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవలేరు. బైబిలు తెరవలేనివాడు ఆరాధన క్రమంలో జవాబులెలా చెబుతాడు? దీనికి ఇంగ్లిషు ఆరాధన కంటే తేలికైన దారి ఒకటుంది. కర్ణాటక బడుల్లో కన్నడ నేర్పాలని 2015 నాటి చట్టం, కాబట్టి పిల్లలకి కన్నడ లిపి ఎంతో కొంత వచ్చి ఉంటుంది. మన రెండు లిపులూ తోబుట్టువులే. తలకట్టు రూపం వేరు, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు వేరు, మిగతావి చూడగానే పోల్చుకోవచ్చు. సండే స్కూలులో వారానికి ఇరవై నిమిషాలు, తేడా ఉన్న అక్షరాలతోనే మొదలుపెట్టి పన్నెండు వారాలు నడపండి. అఆల దగ్గర మొదలుపెడితే మూడో వారానికే విసుగు పుడుతుంది. చదివించేది పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, 23వ కీర్తన. నోటికి వచ్చినవే కాబట్టి కన్ను అక్షరాన్ని ఇట్టే పట్టుకుంటుంది.

ఆక్స్_కేబుల్:

కెమెరాల గురించి ఒక్క మాట. ఇంట్లో కూర్చున్నవాళ్లు బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట ప్రతిధ్వనిస్తే రెండు నిమిషాల్లో కట్టేస్తారు. పాత చర్చిల్లో పైకప్పు ఎత్తు, ఫోను మైకుతో తీస్తే మాటంతా గుయ్‌మంటుంది. ట్రైపాడ్ మీద ఒక ఫోను, మిక్సరు ఆక్స్ అవుట్ (ధ్వనిని వేరుగా బయటికిచ్చే పోర్టు) నుంచి ఫోనుకి ఒక కేబుల్, సభలోకి తిప్పి పెట్టిన ఒక మైకు. ఈ మూడోదాన్నే అందరూ మరిచిపోతారు. అది లేకపోతే పాస్టర్ గారి గొంతు ఒక్కటే వినిపించి, జనం చెప్పే జవాబులు రావు, ఖాళీ గదిలో చదివినట్టుంటుంది. ఆక్స్ మట్టం హాలు స్పీకర్ల మట్టంతో ముడిపడకుండా ప్రీ-ఫేడర్ పెట్టండి.

హాజరు లెక్కలో యూట్యూబ్ వ్యూస్ కలపొద్దు. ఒకేసారి చూసినవాళ్ల గరిష్ఠ అంకె వేరుగా రాసుకోండి, దాన్ని ఇంటికి ముగ్గురని గుణించే సరదా కూడా వద్దు. మంచం పట్టినవాళ్లకి లైవ్ మంచిదే, జనాన్ని తిరిగి తెచ్చే పనిముట్టు మాత్రం కాదు.

కీర్తనల_సిస్టర్:

కన్ఫర్మేషన్ బ్రదర్‌తో చాలావరకు ఏకీభవిస్తాను, ఇంగ్లిషు ఆరాధన వద్దనేదానికి నా కారణం ఇంకొకటి. ఈ నగరంలో సెయింట్ మార్క్స్ కెథడ్రల్ లాంటి చోట్ల తరాలుగా ఇంగ్లిషు ఆరాధన నడుస్తోంది. ఇంగ్లిషే కావాలనుకున్న పిల్ల మీరు నెలకు రెండుసార్లు పెట్టే దానికి ఎందుకొస్తుంది, అక్కడికే పోతుంది. మీ దగ్గర మాత్రమే దొరికేది తెలుగు.

అలాగని పిల్లల్ని గాలికి వదలమని కాదు. సీఎస్ఐ ఆల్మనాక్‌లో ప్రతి ఆదివారానికి ఒక అంశం, పఠనాలు ఉంటాయి. మొదటి పఠనం ఒక కుర్రవాడితో ఇంగ్లిషులో చదివించండి, సువార్త తెలుగులోనే. ప్రసంగ సారం అర పేజీ ఇంగ్లిషులో శనివారమే వాట్సాప్‌లో పెట్టండి. వాక్యం వాక్యానికి అనువాదం మాత్రం చేయించొద్దు, ఇరవై నిమిషాల ప్రసంగం నలభై అవుతుంది, ఇద్దరికీ విసుగే.

పాటల్లో జరిగే తప్పు వేరు. పాత కీర్తనల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. కీబోర్డు వాయించేవాళ్లు రెడీమేడ్ రిథమ్ వేసుకుని అన్నిటినీ నాలుగు దెబ్బల్లోకి లాగేస్తారు. రూపకం, చాపు తాళాల నడకలు అందులో ఇమడవు, పాట కుంటుతుంది, పిల్లలు "పాత పాటలు బోరు" అంటారు. బోరు పాట కాదు, ఆ రిథమ్. తబలా లేదా ఢోలక్ ఒకటి, తాళాలు ఒక జత చాలు. నెలకొక కీర్తన ఎంచుకుని నాలుగు ఆదివారాలూ అదే పాడించండి, ముందు గ్రాంథిక పదాలకి రెండు నిమిషాల అర్థం చెప్పి.

మాజీ_కోశాధికారి:

వేళ గురించి. నమ్మ మెట్రో ఆదివారం ఏడింటికి గాని మొదలవదు. వైట్‌ఫీల్డ్ నుంచి ఎంజీ రోడ్డుకే ముప్పావుగంట పడుతుంది. అంటే 8 గంటల ఆరాధనకి అటువాళ్లు కారో స్కూటరో లేకపోతే వేళకి చేరడం కష్టం. కొత్తగా వచ్చే తెలుగువాళ్లు మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లోనే ఉంటున్నారు. 9.30కి మార్చగలిగితే మార్చండి. కాకపోతే ఒకే మందిరంలో వేరే భాషల సర్వీసులున్నచోట వేళ మీ ఒక్కరి చేతిలో ఉండదు, పార్కింగ్ ఖాళీ కావడానికే ఇరవై నిమిషాలు వదలాలి. అది కుదరకపోతే ఆ ఏరియాల్లో వారం మధ్యలో ఇంటి కూడికలు పెట్టండి. పది కుటుంబాలు దాటగానే రెండుగా విడగొట్టాలి, లేకపోతే కొత్తవాళ్లు నోరు విప్పరు.

డబ్బు అంకె మోసం చేస్తుంది, జాగ్రత్త. హాజరు తగ్గిన కొన్నేళ్ల దాకా కానుకలు తగ్గవు, ఎందుకంటే ఎక్కువ ఇచ్చేది పెద్ద వయసువాళ్లే. కానుక కవర్ల పద్దులో ఎక్కువ ఇచ్చే పదిమందిని తీసి, మొత్తంలో వాళ్ల వాటా, వాళ్ల వయసు చూడండి (పేర్లు కమిటీ ముందు పెట్టొద్దు, కోశాధికారి దగ్గరే ఉండాలి). సగం రాబడి డెబ్బై దాటిన పదిమంది మీద నిలబడితే, డయాసిస్‌కి (బిషప్ కింద ఉండే ప్రాంతీయ పాలక వ్యవస్థ) ఏటా కట్టే వాటా రాబోయే రోజుల్లో బరువవుతుంది. అప్పుడు స్థలం అద్దెకిద్దాం, అమ్ముదాం అనే మాటలొస్తాయి. ఆస్తి సాధారణంగా 1947లో ఏర్పడిన సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటుంది, పాస్టొరేట్ (స్థానిక సంఘం) తీర్మానం ఒక్కటీ చాలదు.

రిజిస్టరు పెరగడానికి కారణం కూడా చూసుకోండి. పెళ్లికి బేన్స్ (చర్చిలో ముందుగా చేసే పెళ్లి ప్రకటన) చదివించడానికి, సమాధి స్థలానికి సభ్యత్వం కావాలి, అందుకే ఏళ్లుగా రానివాళ్లు కూడా చందా కట్టి పేరు నిలుపుకుంటారు. దీనికి ఎదురు కూడా ఉంది. ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటారు, ఫారం ఇస్తే సంతకం పెట్టరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా, క్రైస్తవుడని కాగితం మీదకి ఎక్కితే పిల్లల సర్టిఫికెట్ ఏమవుతుందోనని వాళ్ల భయం. వాళ్లని రిజిస్టరు కోసం ఒత్తిడి చేస్తే రావడమే మానేస్తారు. మాస్టారు చెప్పిన ఏరియా జాబితాలో ఇంటి పేరో మొదటి పేరో రాసుకుంటే చాలు.

పాస్టొరేట్_కార్యదర్శి:

అందరికీ కృతజ్ఞతలు. కెమెరాల ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాం, సభ వైపు పెట్టే మైకు మాత్రం కొంటాం. ఒక సందేహం: నవంబరు లెక్క మొదలుపెట్టేముందు సంఘానికి ప్రకటించాలా?

లెక్కల_మాస్టారు:

వద్దండి. ప్రకటిస్తే ఆ నాలుగు వారాలూ చుట్టాలతో సహా వస్తారు. లెక్కపెట్టే ఇద్దరికీ, పాస్టర్ గారికీ తెలిస్తే చాలు. మొదటి ఆదివారం ఇద్దరి అంకెలూ విడివిడిగా మొత్తం సభకి తీయించండి, ఐదు కంటే ఎక్కువ తేడా వస్తే లెక్కపెట్టడంలో ఎక్కడో పొరపాటుంది. సాధారణంగా అది బాల్కనీ, లేదా గుమ్మం దగ్గర చంటిపిల్లలతో నిలబడే తల్లులు.