చర్చ: ఏ దేశంలో ఎంతమంది? మన జిల్లాతో పోల్చి చెప్పండి

కావలి నాన్న
మా పాప ఏడో తరగతి. నిన్న రాత్రి అన్నం తింటూ అట్లాస్ ముందు పెట్టుకుని "నాన్నా, మంగోలియా ఇంత పెద్దగా ఉందే, ఎంతమంది ఉంటారు?" అని అడిగింది. సుమారు 35 లక్షలు అన్నాను గానీ ఆ అంకె పాపకి ఎక్కలేదు. 2011 లెక్కల్లో పాత ప్రకాశం జిల్లా చూపించా, 33.97 లక్షలు. ఒంగోలు, చీరాల, మార్కాపురం, కనిగిరి, కందుకూరు అన్నీ కలిపితే ఒక మంగోలియా, కాకపోతే ఆ దేశం ప్రకాశం జిల్లాకి దాదాపు 90 రెట్లు విశాలం. చేతిలో ముద్ద అట్టాగే పట్టుకుని మ్యాప్ చూస్తా ఉండిపోయింది. మీకు తెలిసిన దేశాలు కూడా ఇట్టా చెప్పండి, వెళ్ళినవాళ్ళు అక్కడ చూసింది రాయండి.

ఒంగోలు గ్రూప్స్
అన్నా, ముందు ఒక మాట. చైనానే మొదటి స్థానం అని ఉన్న పాత మెటీరియల్ చదివి మోడల్ టెస్టులో ఒక మార్కు పోగొట్టుకున్నా. ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం 2023 ఏప్రిల్‌లోనే మనం దాన్ని దాటాం. మనమూ చైనా చెరో 140 కోట్ల పైన, మూడోది అమెరికా 34 కోట్లే, తర్వాత ఇండోనేషియా, పాకిస్తాన్.

ఉదయగిరి నుంచి కువైట్
పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నా. కువైట్ మొత్తం సుమారు 50 లక్షలే, అందులో ఈ దేశం వాళ్ళు మూడో వంతు కూడా ఉండరు, బయటినుంచి వచ్చినవాళ్ళలో మనదేశం వాళ్ళే ఎక్కువ. పొద్దున కంపెనీ బస్సు ఎక్కితే ముందు సీట్లో మలయాళం, పక్కన బెంగాలీ, వెనక మన రాయచోటి వాళ్ళు, అరబ్బీ మాట ఒక్కటి వినపడదు. కువైట్ జనాభా అని ఎవరన్నా అంకె వేస్తే అందులో నన్నూ లెక్కేస్తారు, మా ఊళ్ళో రేషన్ కార్డులోనూ నా పేరుంది. ఒక్క అంకె చూసి ఆ దేశం ఇంత అనుకోవద్దని పాపకి చెప్పన్నా.

కోవూరు రైతు
నాకు ఆశ్చర్యమనిపించేది బంగ్లాదేశ్. మన రాష్ట్రం 1.63 లక్షల చదరపు కిలోమీటర్లు, వాళ్ళది 1.48 లక్షలే, అయినా జనం 17 కోట్ల పైన! మన రాష్ట్రానికి మూడు రెట్ల కన్నా ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన ఒండ్రు నేల, ఏడాదికి రెండు మూడు కార్లు (పంటలు) వరి పండుతుంది. మన దగ్గరా అంతే కదా, పెన్నా కాలువల కింద కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊరు దాటకముందే ఇంకో ఊరు తగులుతుంది, అదే కనిగిరి మెట్టకి పోతే ఎంత దూరం పోయినా చిల్లకంపే. నీళ్ళున్న చోటే జనం.

వింజమూరు అక్క
మా తమ్ముడు జపాన్‌లో ఉంటాడు. అక్కడ 2008 నుంచి జనం తగ్గుతా ఇప్పుడు 12 కోట్ల చిల్లరకి వచ్చారు, 2023 సర్వేలో ఖాళీ ఇళ్ళే 90 లక్షలు తేలాయి. వాడు వీడియో కాల్‌లో ఒక పల్లె వీధి చూపిస్తే అన్నీ చెక్క తలుపులు, గడపల ముందు గడ్డి. మా వీధిలోనూ పిల్లలు చెన్నై, బెంగళూరు పోయాక నాలుగిళ్ళకు తాళాలే. మన రాష్ట్రంలోనూ ఒక్కో తల్లికి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు, 2019-21 సర్వేలో 1.7 వచ్చింది. నాకు ఇది దిగులుగానే ఉంది.

కావలి నాన్న
అన్నీ పాపకి చదివి వినిపించా. ఐస్‌లాండ్ దేశం మొత్తం నాలుగు లక్షల లోపేనని, నెల్లూరు టౌన్ 2011లోనే అంతకన్నా పెద్దదని నోట్‌బుక్‌లో రాసుకుంది. రేపు క్లాసులో చెప్తుందంట. కువైట్ అన్నా, నిన్ను ఏ దేశం కింద రాయాలని అడుగుతా ఉంది, ఏం చెప్పమంటావు?