ఒడియా పిల్లలకి లెక్కల పరీక్ష ఎలా పెడుతున్నారు?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలకి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లల గురించి. 4, 5 తరగతుల్లో అంకెల లెక్కలు చకచకా చేస్తారు, మాటల్లో ఇస్తే ఆగిపోతారు. 84ని 6తో భాగించమంటే 14 అని రాసేస్తారు. అదే "84 బత్తాయిలు ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?" అంటే 84కి 6 కలిపి 90 వేస్తారు. రానిది భాగహారం కాదు, "ఒక్కొక్కరికి" అన్న మాట. వాళ్ల భాషలో లెక్కల మాటలే వేరు: ఒడియాలో భాగహారం "హరణ", తీసివేత "ఫేడాణ". పైగా ఒడియా అంకె 4 చూడ్డానికి మన 8లా ఉంటుంది, పేపర్లు దిద్దేవాళ్లు పొరబడతారు.

టీచర్ల శిక్షణల్లోనేమో చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు అని పిల్లల్ని విడదీయమంటున్నారు. అలా విడదీసి పాఠం చెబితే మార్కులు పెరుగుతాయనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ పరిశీలించి చెప్పారు. ఆ సమయం భాషకి పెట్టాలి, లేకపోతే తెలివైన పిల్లలు వెనకబడిపోతారు.

ప్రశ్నని ఒడియాలో చదివి వినిపించి, జవాబు తెలుగులో రాయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్ని వారాలకి చదివి వినిపించడం మానగలిగారు? లెక్కల మాటల ఒడియా–తెలుగు పట్టీ ఉంటే, ముఖ్యంగా ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం వైపు టీచర్లు, దయచేసి పంపండి.