శాల్వుడి సౌభం ఆకాశంలో తేలే ఊరా, ఎగిరే వాహనమా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. శాల్వుడు ద్వారకను ముట్టడించిన కథను బొమ్మల పుస్తకంగా తెస్తున్నాం. బొమ్మలు నావి, మాటలు నా స్నేహితుడివి. అంతా సాఫీగా నడిచింది గానీ సౌభం దగ్గర ఇద్దరికీ కుదరడం లేదు. అది యుద్ధ వాహనం అంటాడు వాడు. ఇనుప రేకులు, మొనదేలిన ముక్కు, కింద మంటలు ఉండాలట. అది ఊరు అంటాను నేను. కోటగోడ, బురుజులు, వీధులు, ఇళ్లు ఉండాలి. సగం పేజీల్లో కనబడేది సౌభమే కాబట్టి ఈ ముడి విప్పకుండా ముందుకు పోలేం.

కథ గుర్తులేనివాళ్ల కోసం రెండు ముక్కలు. శాల్వుడు శిశుపాలుడి స్నేహితుడు. రాజసూయంలో కృష్ణుడు శిశుపాలుణ్ణి చంపాక, ఆయన ఇంకా ద్వారక చేరకముందే శాల్వుడు సౌభం ఎక్కి వచ్చి ఊరి మీద పడ్డాడు. జూదం జరిగినప్పుడు కృష్ణుడు హస్తినలో లేకపోవడానికి కారణం ఈ యుద్ధమే. అరణ్యపర్వంలో ధర్మరాజుకు ఆయనే ఈ సంగతంతా చెప్తాడు. పోతన భాగవతంలో అయితే దశమ స్కంధం ఉత్తర భాగంలో ఉంది.

ఇక నా వాదన. ఆకాశంలో తిరిగే ఊళ్లలో బాగా పేరున్నవి మూడు: సౌభం, శివుడు కూల్చిన అసురుల మూడు ఊళ్లు త్రిపురాలు, దానవుల హిరణ్యపురం. మూడింటి వెనకా మయుడి పేరు వినిపిస్తుంది. మయుడు ఊళ్లు కట్టేవాడు, సభలు కట్టేవాడు. పాండవులకు మయసభ కట్టింది ఆయనే కదా. మత్స్య పురాణంలో త్రిపురాలు కట్టేముందు ఆయన మనసులో ఊరి ప్లాను గీసుకునే ఘట్టం ఒకటుంది. ప్రాకారం ఇలా పోవాలి, గోపురం ఇక్కడ రావాలి, బురుజుల మీద గదులు అక్కడ, రాజమార్గం ఇటు, వీధులు సందులు ఇలా, అంతఃపురం ఈ చోట, రుద్రుడి గుడి ఈ చోట, మర్రిచెట్లున్న చెరువులు, దిగుడుబావులు... ఒక్కొక్కటే అనుకుంటూ పోతాడు. ఆకాశంలోకి లేవబోయే దానికి మర్రిచెట్టు నీడన చెరువు ఎందుకు? అక్కడ మనుషులు బతకాలి కాబట్టి. సౌభాన్ని కూడా అదే చేయి కట్టిందని భాగవతం చెప్తోంది. మరి దానికి ముక్కు, రెక్కలు ఎందుకు తగిలించాలి?

బోల్టు_నట్టు

గోదారిగట్టు గారూ, నేను మీ స్నేహితుడి పక్షం. త్రిపురాల సంగతి త్రిపురాలది, సౌభం సంగతి సౌభానిది. శాల్వుడు ఏం కోరుకున్నాడో చూడండి. రోజుకు పిడికెడు మట్టి తిని ఏడాది పాటు శివుడి కోసం తపస్సు చేశాడు. చివరికి అడిగింది, దేవతలు, అసురులు, మనుషులు ఎవరూ బద్దలు కొట్టలేనిది, తలచుకున్న చోటికి పోయేది, యాదవులకు దడ పుట్టించేది అయిన యానం. ఉండటానికి చోటు కావాలని అతను అడగలేదు. అతనికి నేల మీద మార్తికావతం అనే రాజ్యం ఉండనే ఉంది. యుద్ధానికి బయల్దేరేటప్పుడు సౌభం ఎక్కుతాడు, అంతే.

రెండో మాట. అరణ్యపర్వంలో ద్వారక వర్ణన ఎంత నిండుగా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. వంతెనలు తీసేశారు, పడవలు ఆపేశారు, కందకాల్లో శూలాలు పాతారు. ముద్ర చూపించకుండా ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. ఊళ్లో ఎవరూ మద్యం ముట్టకూడదని చాటింపు. ఊరిని ఊరిలా చూపించాలంటే వ్యాసుడు అలా చూపిస్తాడు. సౌభంలో ఒక్క వీధి అయినా చూపించాడా?

మూడోది, అది చేసే పనులు. ఒకసారి నేల మీద, ఒకసారి ఆకాశంలో, ఒకసారి కొండ కొమ్మున, ఒకసారి నీళ్లలో. కాసేపు కనబడుతుంది, కాసేపు మాయం. ఒకటిగా ఉన్నది అనేకంగా కనబడుతుంది. తిప్పుతున్న కొరివిలా గిరగిరా తిరుగుతుంది. ఇంత విన్యాసం చేసేదాంట్లో చెరువు నీళ్లు నిలుస్తాయా?

పెన్నేటి_పాట

వాహనమే. వైమానిక శాస్త్రం అనే పుస్తకంలో రుక్మ, శకున, సుందర, త్రిపుర అని విమానాల డ్రాయింగులతో సహా ఉన్నాయి. త్రిపురం అంటే నేల, నీరు, ఆకాశం మూడింట్లోనూ నడిచేదని రాసి ఉంది. మనవాళ్లకు అప్పుడే తెలిసినదాన్ని ఇప్పుడు కథ అని కొట్టిపారేయడం బాధగా ఉంటుంది. ఆ డ్రాయింగ్ చూసి బొమ్మ వేసుకోండి, సరిపోతుంది.

బోల్టు_నట్టు

పెన్నేటి_పాట గారూ, నేను వాహనం పక్షమే గానీ దయచేసి ఆ పుస్తకాన్ని ఇందులోకి తేకండి. నా వాదన కూడా దాంతోపాటు మునిగిపోతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విమానాల మీద పనిచేసేవాళ్లు 1974లో దాన్ని పూర్తిగా పరిశీలించారు. సుబ్బరాయ శాస్త్రి గారు 1918, 1923 మధ్య నోటితో చెప్తుంటే రాసుకున్న పాఠం అది. 1904 కంటే పాతది కాదని తేల్చారు. డ్రాయింగులు బెంగళూరులో ఒక డ్రాఫ్ట్స్‌మన్ చేత గీయించినవి. ఆ కొలతలతో కడితే ఏదీ గాల్లోకి లేవదని లెక్కకట్టి మరీ చెప్పారు. భారత భాగవతాల్లో సౌభం ఎలా ఉందన్నది మన ప్రశ్న. దానికి జవాబు అక్కడే వెతకాలి.

పెన్నేటి_పాట

లెక్కలు నేను చూడలేదు, చూస్తాను. కానీ మయుడి పేరుతో మన దగ్గర కట్టడాల విద్య ఉందన్న మాట మాత్రం వదులుకోను.

పాతప్రతి

అది ఎవరూ కాదనడం లేదండీ. ఊళ్లు కట్టే విద్య ఉన్న సమాజమే ఆకాశంలో ఊరిని ఊహించగలదు.

బోల్టు_నట్టు గారి రెండో మాటకు జవాబు చెప్తాను. సౌభంలో వీధి చూపించలేదు అన్నారు. చూపించాడు, కూలిపోయేటప్పుడు చూపించాడు. అరణ్యపర్వంలో సుదర్శన చక్రం సౌభాన్ని రంపంతో దుంగను కోసినట్టు రెండుగా చీలుస్తుంది. చక్రం తిరిగొచ్చాక కృష్ణుడు దాన్నే శాల్వుడి మీదికి వదులుతాడు. ఆ తర్వాత శ్లోకం చదవండి. మేరు శిఖరంలాంటి సౌభం, అట్టాలకాలూ (కోట బురుజులు) గోపురాలూ కూలి మండిపోతుంటే చూసి స్త్రీలు పారిపోయారు అని ఉంటుంది.

స్త్రీలు! అప్పటిదాకా దానవులు, బాణాలు, రాళ్ల వాన తప్ప సౌభంలో ఎవరున్నారో మనకు తెలియదు. కృష్ణుడు కిందినుంచి చూస్తున్నాడు, కథ చెప్తున్నదీ ఆయనే. క్రోశం ఎత్తున ఉన్న దాని లోపల ఏముందో ఆయన సైన్యానికి కనబడదు. అది పడిపోతేనే లోపల ఇళ్లున్నాయని, ఆడవాళ్లున్నారని తెలుస్తుంది. యుద్ధానికి వాడే వాహనమే అయితే వాళ్లు అక్కడ ఎందుకున్నారు?

ఇంకొకటి. అంబ కథలో భీష్ముడి కాలం నాటి శాల్వరాజును సౌభపతి అనే పిలుస్తారు. అంబ మనసిచ్చింది ఆయనకే. కృష్ణుడితో యుద్ధానికి రెండు తరాల ముందే ఆ రాజవంశానికి సౌభం ఉందన్నమాట. నిన్న మొన్న తపస్సు చేసి తెచ్చుకున్నదని భాగవతం అంటుంది, భారతంలో అది పాత ఆస్తిలా కనబడుతుంది. రెండూ ఒకటి కావు. మీ పుస్తకం ఏ కథ వెంట నడుస్తుందో ముందు తేల్చుకోండి.

అమలాపురం_అక్క

పాతప్రతి గారు చెప్పింది నచ్చింది. నేను హిరణ్యపురం గురించి చెప్తాను, ఎందుకంటే ఈ గొడవ అక్కడ ఇంకా స్పష్టంగా ఉంది.

నివాతకవచులనే దానవుల్ని గెలిచి వస్తూ అర్జునుడు దారిలో దాన్ని చూస్తాడు. పులోమ, కాలక అనే ఇద్దరు తల్లులు తపస్సు చేసి, తమ పిల్లలకు బాధ లేకుండా ఉండాలని బ్రహ్మ దగ్గర తెచ్చుకున్న ఊరు అది. రత్నాల చెట్లు, పక్షులు ఉంటాయి. యుద్ధం మొదలవగానే మాత్రం బోల్టు_నట్టు గారు చెప్పినట్టే చేస్తుంది. నేలలోకి దిగుతుంది, పైకి లేస్తుంది, అడ్డంగా పోతుంది, నీళ్లలో మునుగుతుంది. చెట్లూ పక్షులూ ఉన్న ఊరే ఇవన్నీ చేస్తోంది. ఊరు, వాహనం అని రెండు డబ్బాలు పెట్టి ఏదో ఒకదాంట్లో వేయమంటే ఆ కథ ఒప్పుకోదు.

ఇంకో విచిత్రం. ఉద్యోగపర్వంలో ఇంద్రుడి సారథి మాతలి తన కూతురికి వరుణ్ణి వెతుకుతూ నారదుడితో కలిసి వెళ్తే, ఇదే హిరణ్యపురం పాతాళంలో కనబడుతుంది. విశ్వకర్మ కట్టాడు, మయుడు మనసుతో సృష్టించాడు అని నారదుడు చూపిస్తాడు. ఒకే భారతంలో ఒకచోట ఆకాశంలో, ఇంకోచోట పాతాళంలో. కదిలే ఊరు కాబట్టి రెండు చోట్లా ఉండొచ్చని నాకు అనిపిస్తుంది. ఏమైనా, బిడ్డల కోసం తల్లులు అడిగి తెచ్చుకున్న ఊరిని యుద్ధ యంత్రంలా వేస్తే నాకు మనసొప్పదు.

మబ్బుల్లో_బండి

త్రిశంకు స్వర్గాన్ని అందరూ మర్చిపోయారా? ఆకాశంలో వేలాడే లోకాల్లో మనందరి నోళ్లలో నానేది అదే కదా.

పాతప్రతి

మర్చిపోలేదండీ. కానీ విశ్వామిత్రుడు అక్కడ గోడలు, గోపురాలు కట్టలేదు. తలకిందులుగా వేలాడే రాజు, ఆయన చుట్టూ దక్షిణాన కొత్త నక్షత్రాలు, అంతే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట దక్షిణం దిక్కు ఖాళీగా ఉన్న చోట నిలబడితే, కింద ఆకాశం అంచు దగ్గర శిలువలా నాలుగు చుక్కలు కనబడతాయి. వాటినే త్రిశంకు అంటారు.

ఒంగోలు_గిత్త

ఆకాశంలో ఊళ్లు అంటే దూరపు సంగతి అనుకుంటున్నారు. మా వైపు రండి, పడిన చోటు చూపిస్తాను.

మార్కాపురం నుంచి వినుకొండ పోయే దారిలో త్రిపురాంతకం ఉంది. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం. మిగతా మూడు ద్వారాలు సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం. పేరులోనే కథ ఉంది కాబట్టి శివుడు త్రిపురాల్ని కూల్చింది ఇక్కడేనని మావాళ్లు చెప్పుకుంటారు. దీనికి మత్స్య పురాణంలోనే ఆధారం ఉంది. నర్మదా మాహాత్మ్యంలో, కాలిన పురాల్లో ఒకటి శ్రీశైలం దగ్గర త్రిపురాంతకంలో, ఇంకొకటి అమరకంటకంలో పడ్డాయని ఉంటుంది. అక్కడ త్రిపురాల రాజు బాణాసురుడు.

మరి మూడోది? బాణుడు నెత్తిన శివలింగం పెట్టుకుని బయటికొచ్చి స్తోత్రం చేస్తే, శివుడు మూడో పురాన్ని కాపాడి వదిలేస్తాడు. రుద్రతేజంతో అది ఆకాశంలో తిరుగుతూ ఉండనీ అని. అంటే ఆ పురాణం లెక్కన ఇప్పటికీ ఒక ఊరు పైన తిరుగుతూనే ఉంది. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అదే ఘట్టంలో ఊరు కాలుతుంటే ఒక తల్లి అగ్నిదేవుణ్ణి బతిమాలుతుంది. కష్టపడి కన్న కొడుకు, వీణ్ణి కాల్చకు అంటుంది. ఇంకొకామె ఆడవాళ్ల మీదా నీ ప్రతాపం అని నిలదీస్తుంది. నేను నా ఇష్టంతో కాల్చడం లేదు, ఆజ్ఞ ప్రకారం చేస్తున్నాను అంటాడు అగ్ని. వాహనం కూలితే ఎవరూ ఇలా రాయరు. ఊరు తగలబడితేనే రాస్తారు.

బోల్టు_నట్టు

ఒంగోలు_గిత్త గారూ, ఆ తల్లి మాటలు చదివి కాసేపు ఆగిపోయాను. త్రిపురాలు ఊళ్లే, అందులో నాకు పేచీ లేదు. కానీ సౌభం మీద నా మాట పూర్తిగా వదలను. కర్ణపర్వంలో శల్యుణ్ణి సారథ్యానికి ఒప్పించడానికి దుర్యోధనుడు చెప్పిన త్రిపుర కథ ఉంది కదా. అందులో బంగారు పురం స్వర్గంలో, వెండిది అంతరిక్షంలో, ఇనుముది భూమ్మీద. ఒక్కొక్కటి నూరు యోజనాలు. వెయ్యేళ్లకొకసారి ఒక వరుసలోకి వస్తాయి, అప్పుడు ఒకే బాణంతో పోతాయి. అవి వాటి దారిన అవి తిరుగుతాయి, ఎవరి మీదికీ దిగి రావు. సౌభం అలా కాదు. శాల్వుడు ఎటు నడిపితే అటు పోతుంది, ఊరి మీద చెట్లు, రాళ్లు, పాములు కురిపిస్తుంది. ఆ తేడా బొమ్మలో కనబడాలి.

గోదారిగట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. పాతప్రతి గారు చెప్పిన శ్లోకం నా స్నేహితుడికి వినిపించాను. మొనదేలిన ముక్కు తీసేయడానికి ఒప్పుకున్నాడు. మేం భారతం వెంటే నడుస్తాం. భాగవతంలో కృష్ణుడు గదతో కొడితే సౌభం ముక్కలై సముద్రంలో పడుతుంది, అదీ గొప్ప దృశ్యమే. కానీ గోపురాలు విరిగి, స్త్రీలు పరుగెత్తే పేజీ లేకుండా ఈ పుస్తకం వేయలేను. ఆ పేజీ కోసం మొదటి నుంచి గోడ వెనక ఎవరో ఉన్నారన్న సంగతి పాఠకుడికి తగలాలి. ఒక కిటికీలో దీపం, ఆరేసిన చీర, అంతవరకే చూపిస్తాను. ద్వారకవాళ్లకు మాత్రం అవి కనబడవు.

బోల్టు_నట్టు గారూ, మీ తేడా ఒప్పుకుంటున్నా. కానీ గిరగిరా తిరిగే ఊరిని కదలని బొమ్మలో చూపించడమెలా అన్నదే నాకు టెన్షన్. గీతలు గీసి గాలి చూపిస్తే మళ్లీ వాహనంలా అయిపోతుంది.

బోల్టు_నట్టు

గాలి గీతలు వద్దు. మనుషుల్ని వాడుకోండి. బురుజు మీద ఒక దానవుడు కంబాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడాలి, వాడి పై పంచె పక్కకు ఎగరాలి. ఆరేసిన చీర కూడా అటే ఎగరాలి. చెరువు ఉంటే దాని నీళ్లు ఒక గట్టు మీదికి ఎక్కి ఇంకో గట్టు ఎండిపోవాలి. స్కెచ్ అయ్యాక ఇక్కడ పెట్టండి, ఏ వేగానికి నీళ్లు ఎంత ఒరుగుతాయో నేను లెక్క కట్టి ఇస్తాను.

అమలాపురం_అక్క

మయుడి ప్లానులోని రుద్రుడి గుడి కూడా మర్చిపోకండి. భాగవతంలో సౌభం లేచింది శివుడు ఇచ్చిన వరంతోనే కదా. సౌభంలో ఆ గుడి ఎక్కడ పెడతారో చూడాలని ఉంది.