అప్‌డేట్: చలిలో స్టార్ట్ చేయగానే ఇంజిన్ గలగల, కారణం తెలిసింది

మాది ఆదిలాబాద్. చలి బాగా ముదిరిన ఉదయాల్లో మా పెట్రోల్ కారు స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గొలుసు ఊపినట్టు గలగలమంటోందని, తర్వాత మామూలైపోతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఆయిల్ ఫిల్టర్ చూడమన్న అన్న మాటే నిజమైంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వినాలని కారును రాత్రంతా మెకానిక్ దగ్గరే ఉంచాం. ఆయన రాత్రే ఆల్టర్నేటర్ బెల్టు తీసేసి, పొద్దున అది లేకుండానే కొన్ని సెకన్లు నడిపాడు. శబ్దం అలాగే వచ్చింది. అంటే బెల్టు, దాని బేరింగులు కారణం కాదు. చప్పుడు టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసు) వైపు నుంచి వస్తోంది.

ఫిల్టర్ విప్పితే లోపలి రబ్బరు వాల్వు గట్టిపడిపోయి ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు ఫిల్టర్‌లో ఆయిల్ నిలవాలి. వాల్వు సరిగా మూసుకోక ఆ ఆయిల్ కిందికి జారిపోతోంది. చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది కాబట్టి, చలికి చిక్కబడ్డ ఆయిల్ మళ్లీ పైకి చేరేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటోంది. కంపెనీ ఫిల్టర్, మాన్యువల్‌లో ఉన్న 5డబ్ల్యూ-30 ఆయిల్ వేయించాక శబ్దం పూర్తిగా పోయింది.

బ్యాటరీ, స్టార్టర్ మోటార్, ఇంజిన్ మౌంట్‌లు అన్నీ బాగానే ఉన్నాయి. పెట్రోల్‌లో కలిపే క్లీనర్‌తో తేడా ఏమీ రాలేదు. ఫిల్టర్ మార్చినా మీకు శబ్దం ఆగకపోతే, ఆలస్యం చేయకుండా టెన్షనర్, చైన్ చూపించండి. చైన్ వదులై గేర్ పళ్లు దాటితే కొన్ని ఇంజిన్లలో ఇంజిన్ వాల్వులే వంగిపోతాయి.