పాత జిప్సీ: ట్రాన్స్‌ఫర్ బాక్స్ కాలిపోతోంది, మైలేజ్ పడిపోయింది. విప్పించాలా?

చంద్రగిరి_జిప్సీ: 1998 మారుతీ జిప్సీ కింగ్, ఫోర్ వీల్ డ్రైవ్, కార్బురేటర్ బండి. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తోటకు పోయి వస్తుంటాం. లీటరుకు 10 ఇచ్చేది ఇప్పుడు 7 కూడా కష్టమే. తోట చేరాక ట్రాన్స్‌ఫర్ బాక్స్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచేది) మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. బాక్స్ దించి బేరింగులన్నీ మార్చాలంటున్నాడు మెకానిక్. నిజంగా విప్పాల్సిందేనా?

రేణిగుంట_గేరాయిల్: విప్పొద్దు తమ్ముడూ. ముందు ఆయిల్ చూడు. జిప్సీలో ఈ బాక్స్ గేర్‌బాక్స్‌కు అతుక్కుని ఉండదు, విడిగా ఉంటుంది, మధ్యలో చిన్న షాఫ్టు. దాని ఆయిల్ దానిదే. గేర్‌బాక్స్‌లో పోసి దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. డ్రెయిన్ నట్టు తీసి కొంచెం పట్టు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. వేడి బాక్స్‌తో వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి నీళ్లను లాక్కుంటుంది. అందుకే బ్రీదర్ (బాక్స్‌కు గాలి ఆడే దారి) కూడా చూడు. ఆయిల్ లెవెల్ ప్లగ్ అంచు దాకానే. ఎక్కువ పోసినా వేడే.

నగరి_నానో: అమ్మేయ్ అన్నా.

మొగిలి_ఘాట్: ఆయిల్ చూడాల్సిందే, కాదనను. కానీ బాక్స్ లీవర్ ఎందులో పెట్టి నడుపుతున్నావు, టూ హైలోనా (వెనక చక్రాలకే శక్తి), ఫోర్ హైలోనా (నాలుగింటికీ)? ముందు చక్రాల హబ్‌లు లాక్‌లో (చక్రం యాక్సిల్‌తో కలిసి) ఉన్నాయా, ఫ్రీలోనా (విడిగా)? నాలుగు టైర్లూ ఒకేలా అరిగాయా? ఇవి చెప్పకుండా బాక్స్ జోలికి పోవద్దు.

రేణిగుంట_గేరాయిల్: టైర్లకూ బాక్స్ వేడికీ ఏం సంబంధం? జిప్సీ బాక్స్‌లో టూ హైలో కూడా శక్తి గేర్లు దాటకుండా నేరుగా పోయే డైరెక్ట్ లేదు, 1.409 రేషియో. ఎప్పుడూ గేర్ల మీదే లోడు. వేడెక్కకుండా ఎట్లుంటుంది? 60 డిగ్రీలకే చెయ్యి నిలవదు. గేర్ ఆయిల్‌కు 60 ఒక లెక్కా?

మొగిలి_ఘాట్: అందుకే చేత్తో చూడొద్దనేది. టెంపరేచర్ గన్ పట్టుకుని, ఆగిన వెంటనే బాక్స్, ముందు వెనక యాక్సిళ్ల మీది రెండు డిఫరెన్షియల్‌లు, నాలుగు హబ్‌లు వరసగా చూడండి. ఒక్క హబ్బే కాలుతుంటే బ్రేక్ పట్టేసినట్టు, లేదా బేరింగ్ బిగుసుకున్నట్టు.

రేణిగుంట_గేరాయిల్: మెరిసే లోహం మీద గన్ తక్కువ చూపిస్తుంది. అది తెలుసా?

మొగిలి_ఘాట్: తెలుసు. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

రేణిగుంట_గేరాయిల్: టేపు, గన్ను, ఇంకేం కొనాలి సామీ? ఆయిల్ తీసి చూడటానికి ఒక స్పానర్ చాలు.

పీలేరు_పెట్రోల్: కార్బురేటర్ ఎవరైనా చూశారా? చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా 7కే వస్తుంది. వేడి ఒక జబ్బు, మైలేజ్ ఇంకో జబ్బు కావచ్చు.

చంద్రగిరి_జిప్సీ: చోక్ బాగానే ఉందన్నా. వెనక టైర్లు రెండూ కొత్తవి, ముందువి బాగా అరిగాయి. ఘాట్ మొదట్లోనే నాన్న హబ్‌లు లాక్ చేసి ఫోర్ హై వేయిస్తారు. తోట దాకా అట్నే. అక్కడ లీవర్ వెనక్కి రాదు. కొంచెం రివర్స్ తీస్తే టక్కుమని వస్తుంది.

మొగిలి_ఘాట్: ఆ టక్కుమనడమే జవాబు. ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఈ బండికి లేదు. ఫోర్ హైలో ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో అయితే టైరు జారి సరిపెట్టుకుంటుంది. ఎండిన తారు మీద జారదు. ఆ బిగువంతా బాక్స్ మీదా, జాయింట్ల మీదా పడుతుంది. పైగా నీ ముందు టైర్లు అరిగాయి. 205/70 ఆర్15 టైరు ఒక చుట్టుకు దాదాపు 2.1 మీటర్లు. 5 మిల్లీమీటర్ల అరుగుదల తేడా అంటే కిలోమీటరుకు 15 మీటర్ల దాకా తేడా. తిన్నటి రోడ్డులో కూడా ముందూ వెనకా పీక్కుంటూనే ఉంటాయి. పెట్రోల్ అక్కడికే పోతోంది. పొడి రోడ్డులో ఫోర్ హై తీసేయ్.

రేణిగుంట_గేరాయిల్: లెక్కలు బాగున్నాయి. నా బండికీ ఇట్నే ఒకాయన లెక్కలు చెప్పి బాక్స్ విప్పించాడు. అప్పట్నుంచి లో గేర్ వేస్తే జారిపోతోంది. డబ్బులు పోయాయి, అడిగితే పాత బండి అంతే అంటాడు.

మొగిలి_ఘాట్: నేను విప్పమన్నానా? పైన మళ్లీ చదవండి! మీ బాక్స్ ఎవడో చెడగొడితే ఊళ్లో బండ్లన్నిటికీ ఆయిలే మందా?

రేణిగుంట_గేరాయిల్: నువ్వు ఫోర్ హై తీసేయమంటున్నావు కదా, నా కోపం దాని మీద! ఘాట్‌లో పక్కన లోయ పెట్టుకుని టూ హైలో దిగమంటావా? ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని దిగి చూడు.

చంద్రగిరి_జిప్సీ: మా నాన్న మాటా ఇదేనన్నా. 2022 మార్చిలో ఆ ఘాట్‌లోనే నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. అప్పట్నుంచి లీవర్ ముట్టుకోనివ్వరు.

మొగిలి_ఘాట్: ఈ మాట మొదటే చెప్పి ఉంటే సగం గొడవ తగ్గేది. ఫోర్ హై బ్రేకులను పెంచదు. జారే రోడ్డులో ఇంజన్ పట్టును నాలుగు చక్రాలకూ పంచుతుంది, అంతే. వాన పడితే వేసుకోండి. పొడి రోడ్డులో సెకండ్ గేర్‌లో దిగితే చాలు. బిగుసుకున్న బండి మలుపులో స్టీరింగ్ తిప్పనివ్వదు, నిజమైన భయం అక్కడుంది.

రేణిగుంట_గేరాయిల్: స్టీరింగ్ బరువవుతుందంటే ఒప్పుకుంటా. ప్రమాదమంటే ఒప్పుకోను.

చంద్రగిరి_జిప్సీ: నిన్న టూ హైలో, హబ్‌లు ఫ్రీలో పెట్టి పోయాం. నాన్న దారంతా తిడుతూనే ఉన్నారు. బాక్స్ వేడిగానే ఉంది కానీ చెయ్యి నిలిచింది. మైలేజ్ ట్యాంకు నింపి చూడాలి. ముందు టైర్లకు డబ్బులు వచ్చే నెల.

రేణిగుంట_గేరాయిల్: బ్రీదర్ చూడమన్నా కదా. చూశావా?